దారి అడిగే ఏసుపాదం గారు

ఏసుపాదం గారికి దారి అడగటమంటే ప్రాణం. అందుకోసం దారి తప్పాల్సిన పని కూడా లేదు. కొందరికి కాఫీ, కొందరికి వక్కపొడి. ఆయనకి మాత్రం రోడ్డు మీద మనిషి కనబడితే ఆగి, మెడ కాస్త ముందుకు వంచి, "ఏవండీ, ఇటేనాండీ?" అనకపోతే రోజు గడవదు.

కరెంటాఫీసులో పనిచేసి, రిటైరై, పటమటలో ఇల్లు కట్టుకుని ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంటున్న మనిషి. ఓ రోజు బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటర్ మీద ఆగిన ఒకాయన్ని పట్టుకుని, తన సందు పేరే చెప్పి, ఎటు వెళ్ళాలని అడిగారు. అవతలాయన హెల్మెట్ తీశాడు. చూస్తే పక్కింటి శేషగిరిరావు.

"మన సందేనండీ ఏసుపాదం గారూ! ఒంట్లో బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉందండీ. ఇటేనా అని కనుక్కుంటున్నా, అంతే."

ఆ సాయంత్రం శేషగిరిరావు ఆయన భార్య అమలమ్మ దగ్గరికొచ్చి, ఆయన్ని ఎవరైనా మంచి డాక్టరుకి చూపించమని చాటుగా చెప్పి వెళ్ళాడు. అమలమ్మ నవ్వి ఊరుకుంది. భర్త సంగతి ఆమెకి పెళ్ళినాడే తెలుసు. ఆ రోజు చర్చికి వెళ్తున్న కారు ఆపించి, పూలదండతో సహా దిగి, కిళ్ళీకొట్టు అతన్ని చర్చి ఎటని అడిగిన పెళ్ళికొడుకు ఆయన. అది ఆయన బాప్తిస్మం పుచ్చుకున్న చర్చి!

ఫోనులో మ్యాపు ఉంది కదా, చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే ఆయన మొహం చిట్లించేవారు.

"అది దారి చెబుతుంది సరే. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతుందా?"

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని అమలమ్మ జపాను వెళ్ళాల్సి వచ్చింది.

ఆమె చెల్లెలు శౌరమ్మ కూతురు వినీల. భర్త పాల్‌కి ఒసాకాలో ఉద్యోగం వస్తే ఆ ఊరికి కాపురానికి వెళ్ళింది. కడుపుతో ఉంది, ఇప్పుడు ఆరో నెల. పాల్ పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. వినీల చూస్తే, చిన్నప్పుడు చుట్టాలింట్లో దాహమేసినా మంచినీళ్ళు అడగని పిల్ల. ఆ ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడదు, గుమ్మం దాటదు. తల్లి వెళ్దామంటే శౌరమ్మకి నడుం నొప్పి, విమానంలో అంతసేపు కూర్చోలేదు.

"నువ్వెళ్ళి చూసి రా అక్కా. అక్కడ ధైర్యంగా ఉండగలదనిపిస్తే ఉంచు. లేదా నీతోపాటు తీసుకొచ్చెయ్. పాల్‌కి కోపం వచ్చినా సరే," అంది శౌరమ్మ.

వినీలకేమో భర్తని వదిలి రావాలని లేదు. కాన్పు వేళకి అతను పక్కన ఉండాలని ఆశ. తీర్పు వచ్చి పెద్దమ్మ నెత్తిన పడింది.

గన్నవరంలోనే మొదలైంది. విమానాశ్రయం గుమ్మం ఎదురుగా నిలబడి, తుపాకీతో కాపలా ఉన్న జవానుని "లోపలికి ఇటేనాండీ?" అన్నారు ఏసుపాదం గారు. గాల్లోకి లేచాక ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి "జపాను..." అనబోతుంటే అమలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఒసాకా విమానాశ్రయం సముద్రం మధ్యలో ఉంది. అక్కణ్ణుంచి రైలు వంతెన మీదుగా ఊళ్ళోకొస్తుంది. అటూ ఇటూ నీళ్ళు, మధ్యలో ఒకటే దారి. ఆ ఏర్పాటు ఏసుపాదం గారికి బొత్తిగా నచ్చలేదు. ఊరి నడిబొడ్డున ఉమేదా స్టేషన్లో దిగాక గానీ ఆయన ప్రాణం లేచి రాలేదు. స్టేషను కింద ఇంకో ఊరు, ఆ ఊళ్ళో దుకాణాలు, సందులు, ఎక్కడ తేలతామో తెలియని మెట్లు.

"ఇక్కడ నేనే అప్పుడప్పుడు తప్పిపోతుంటాను మావయ్యగారూ," అన్నాడు పాల్.

"ప్రభువుకి స్తోత్రం," అన్నారు ఏసుపాదం గారు.

పైగా ఆ ఊళ్ళో వీధి మలుపుల్లో చిన్న చిన్న పోలీసు గదులుంటాయి. ఎవరొచ్చి అడిగినా లోపలున్న పోలీసాయన మ్యాపు ముందేసుకుని దారి చెబుతాడు. ఆ సంగతి తెలిసిన రోజు ఏసుపాదం గారు భోజనానికి ముందు ప్రార్థనలో జపాను పోలీసుల్ని ప్రత్యేకంగా జ్ఞాపకం చేసుకున్నారు.

ఇక పొద్దున్నే పాల్ ఆఫీసుకి వెళ్ళటం, ఏసుపాదం గారు వీధిలో పడటం, రైలెక్కి ఉమేదా దాకా వెళ్ళి రావటం. అంత పెద్ద ఊళ్ళో ఆయన అడిగేది మళ్ళీ ఒకే ఇల్లు, వినీల ఇల్లు. ఫోనులో ఫొటో ఒకటి పెట్టుకున్నారు. వినీల ఇంటి గేటు ముందు నిలబడి నవ్వుతున్న ఫొటో. అది చూపించి, "ఏవండీ, మా వినీల ఇల్లు ఇటేనాండీ?" అని శుద్ధమైన తెలుగులో అడిగి, పొట్ట ముందు చేత్తో గుండ్రంగా గీసి, ఆరు వేళ్ళు చూపించేవారు.

ఆ పేటవాళ్ళు చెయ్యి చూపించి ఊరుకునే రకం కాదు. వెంట వచ్చి గుమ్మం దాకా దిగబెట్టేవారు. ఓ రోజు మంగలి షాపాయన, ఓ రోజు మందుల షాపావిడ, ఓ రోజు సైకిలు నడిపించుకుంటూ సాక్షాత్తూ పోలీసాయన. తలుపు తీసిన వినీల పోలీసుని చూసి ఓ అడుగు వెనక్కి వేసింది.

"ఏం చేశారు పెదనాన్నా?"

"ఏం చెయ్యలేదమ్మా. దారి అడిగా."

వినీల సిగ్గుతో చితికిపోయి, వంగి వంగి దండాలు పెట్టి, వాళ్ళ భాషలో థాంక్సు చెప్పేది. దారిలో ముసలమ్మలు హ్యాండ్‌బ్యాగుల్లోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసి ఆయన చేతిలో పెట్టేవారట. ఆయనకి షుగరు. బిళ్ళలన్నీ జేబులో వేసుకునేవారు, జేబు నిండితే వినీల వంటింట్లో గిన్నెలో పోసేవారు.

"పరువు తీస్తున్నారండీ. స్టేషన్నుంచి నాలుగడుగులు! అది కూడా గుర్తుండదా మీకు?" అని అమలమ్మ కేకలేసింది.

"కొత్త ఊరు కదే."

"వచ్చి ఎన్నాళ్ళయింది?"

"అందుకే రోజూ అడిగి ఖాయం చేసుకుంటున్నా."

అమలమ్మ తలకొట్టుకుంది. ఈయన్ని చూస్తే ఇలా, పిల్లని చూస్తే అలా. ఒంటరిగా ఉన్నప్పుడు నొప్పులొస్తే పక్కింటి తలుపైనా తట్టదు. తీసుకెళ్ళిపోవటమే మంచిదని నిశ్చయించేసుకుంది. వినీల మారుమాట్లాడకుండా, కళ్ళు తుడుచుకుంటూ బట్టలు సర్దింది.

బయల్దేరే ముందు రోజు ముగ్గురూ ఉమేదా వెళ్ళారు, శౌరమ్మకి ఏదైనా కొందామని. ఆ నేలకింది సందుల్లో, జనం మధ్య, వినీలకి కళ్ళు తిరిగాయి. మొహం పాలిపోయి గోడకి చేరగిలబడింది. అమలమ్మ భర్త భుజం పట్టుకుంది.

"ఏవండీ! ఎవర్నైనా అడగండి!" అని అరిచింది, కాపురానికొచ్చాక మొదటిసారి.

ఏసుపాదం గారు ఎవర్నీ అడగలేదు. జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి వినీల నోట్లో పెట్టారు. కాసేపు కూర్చోబెట్టారు. పిల్ల తేరుకుని, ఇంటికి పోదామనగానే చెయ్యి పట్టుకుని లేపారు. ఇటు తిప్పి, అటు మళ్ళించి, ఒకచోట మెట్లు దిగి ఇంకోచోట మెట్లెక్కి, నేరుగా తమ రైలు ముందు నిలబెట్టారు. దారిలో ఒక్క మనిషిని ఆపలేదు. అమలమ్మ నోరు తెరుచుకుని వెనకాలే నడిచింది.

పేటలో దిగి నాలుగడుగులు వేశారో లేదో, మందుల షాపావిడ "వినీరా సాన్!" అని, వాళ్ళ పలుకులో వినీల గారూ అని పిలుస్తూ, కుర్చీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మంగలి షాపాయన చేతిలో దువ్వెనతోనే వచ్చి గొడుగు పట్టాడు. ఆయన వెనకే సగం క్రాఫు చేయించుకున్న పెద్దమనిషి కూడా వచ్చి నిలబడ్డాడు. అందరూ ఆరు వేళ్ళు చూపించుకుంటూ ఏవేవో చెప్పుకుంటున్నారు. వినీల వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. తర్వాత తనకొచ్చిన నాలుగు జపాను ముక్కల్లో, మెల్లగా, మంచినీళ్ళు అడిగింది.

అమలమ్మ భర్త వైపు తిరిగింది.

"దారి తెలుసా మీకు?"

"ఇన్నిసార్లు అడిగితే తెలియక ఏమవుతుంది?"

"మరి రోజూ ఎందుకండీ ఈ అడగటం?"

ఏసుపాదం గారు దొంగతనం బయటపడ్డట్టు నేల చూపులు చూశారు. "నాకు దారి తెలుసే. వాళ్ళకి మన పిల్ల తెలియొద్దూ?"

సాయంత్రం డాక్టరు చూసి, ఏం ఫరవాలేదు, వేళకి తినమంది. వినీల సర్దిన బట్టలు మళ్ళీ అల్మారాలోకి వెళ్ళాయి. పెట్టె అమలమ్మే విప్పింది.

గన్నవరంలో దిగి కారెక్కగానే ఏసుపాదం గారు నిద్రలోకి జారుకున్నారు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. పక్కన మూసి ఉన్న షాపు మెట్ల మీద ఓ ముసలాయన ఒక్కడే కూర్చుని, వచ్చేపోయే బళ్ళు చూస్తున్నాడు. అమలమ్మ డ్రైవరు వంక ఓసారి చూసి, అద్దం దించింది.

"ఏవండీ, పటమట ఇటేనాండీ?"

ముసలాయన కండువా సర్దుకుని లేచి వచ్చాడు. రెండు చేతులతో, ప్రతి మలుపూ వర్ణించి చెప్పాడు. ఏ ఊరినుంచి వస్తున్నారో కనుక్కున్నాడు. అమలమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టింది. వెనకున్న బళ్ళన్నీ హారన్లు మోగిస్తున్నాయి. కారు కదిలింది.

"ఇటేనన్నాడా?" అన్నారు ఏసుపాదం గారు కళ్ళు తెరవకుండానే.

"ఇటేనట. ఆయనకి మొన్ననే కంటాపరేషను అయిందట, పాపం," అంది అమలమ్మ.