చూరు కింద పన్నెండు గంటలు

మా ఇంటి గోడ గడియారం కొవ్వూరు స్టేషను గడియారం కన్నా ఎనిమిది నిమిషాలు ముందు నడుస్తుంది. ఇంటికి వచ్చినవాళ్ళు జేబులోంచి తమ గడియారం తీసి చూసుకుని, "మీది ముందుందండీ, కాస్త వెనక్కి తిప్పండి" అంటారు. లెక్కలతో బతికే మనిషి ఇంట్లో ఎనిమిది నిమిషాల తేడా ఉందంటే అశ్రద్ధ అనుకోవడం సహజమే. కాని అది అశ్రద్ధ కాదు. ఆ ఎనిమిది నిమిషాలూ ఎక్కడివో నాకు తెలుసు. తెలుసు కనకనే వాటి జోలికి వెళ్ళను.

నేను బడిలో నేర్చుకున్నది తక్కువ. కాలవ పనుల్లో మట్టి కొలిచే చోట నిలబడి, పొడుగూ వెడల్పూ లోతూ ఎలా గుణిస్తారో చూసి నేర్చుకున్నాను. తరవాత దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. తవ్విన గుంట చూసి ఎంత మట్టి వచ్చిందో చెప్పే పని నాది. పదిమంది లెక్క ఒకలా, నా లెక్క ఒకలా వస్తే మళ్ళీ కొలిపించేవారు. ఆ మాత్రం పేరు తెచ్చుకున్నాను.

మాది మండువా ఇల్లు. నడుమ ఆకాశం కనిపించే చదరం, దాని చుట్టూ వసారా, పైన పెంకులు. వాన పడితే నాలుగు చూర్ల నీళ్ళూ ఆ చదరంలోకే కారతాయి. తూర్పు చూరు కింద పరిచిన రాతిపలకల మీద ఏళ్ళ తరబడి చుక్కలు పడి పడి, బొటనవేలు పట్టేటంత గుంటలు వరసగా ఏర్పడ్డాయి. పొద్దున్న ఆ పక్కంతా నీడ. పొద్దెక్కుతున్న కొద్దీ చూరు నీడ తగ్గుతూ వచ్చి, సూర్యుడు నడినెత్తికి చేరే వేళకి ఆ గుంటల దగ్గర నిలుస్తుంది. దిక్కులు సరిగ్గా చూసి కట్టిన ఇల్లు కావడంతో, ఎండాకాలమైనా చలికాలమైనా అంతే.

ఈ సంగతి అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో తనంతట తనే కనిపెట్టింది. ఇల్లంతా దాని మీదే నడిపింది. "ఎండ గుంటల మీదికొచ్చింది, ఆకులెయ్యండి" అని ఆవిడ కేక వినబడితే మధ్యాహ్నమైనట్టు. మెట్టెక్కితే కాసేపు నడుం వాల్చే వేళ, స్తంభం తాకితే నీళ్ళకి వెళ్ళే వేళ. నాన్న పోయాక అమ్మ ఒంటిపూట భోజనం పెట్టుకుంది. ఆ పూట కూడా గుంటల మీదికి ఎండ రావలసిందే, ముందు ముద్ద ముట్టదు.

అలాంటి అమ్మకి కళ్ళ మీద పొరలు కమ్మాయి. మొదట గుంటలు కనబడలేదన్నది, తరవాత ఎండే కనబడలేదన్నది. వెలుగూ చీకటీ మాత్రం మసగ్గా తెలిసేవి. అప్పటినుంచి వేళ అడగడం మొదలుపెట్టింది. "అమ్మాయ్, ఎంతయిందే?" నా భార్య విసుక్కునే మనిషి కాదు, ప్రతిసారీ చెప్పేది. పిల్లలు మాత్రం ఆ గొంతు పట్టుకుని, "ఎంతయిందే, ఎంతయిందే" అంటూ ఒకరినొకరు తరుముకునేవారు.

ఒక రోజు అమ్మ అడగలేదు. ఇంట్లో అరిసెల పని పెట్టుకున్నారు, ఎవరి తొందరలో వాళ్ళున్నారు. నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది, ఇంకా భోంచెయ్యలేదు. నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఒక్కమాట అడగొచ్చు కదండీ అత్తయ్యగారూ!"

"ఎన్నిసార్లు అడగనే? ఇంట్లో అందరికీ వేళ చెప్పినదాన్ని. ఇప్పుడు నా అన్నం వేళ నేనే అడుక్కోవాలా?"

మరుసటి వారం రాజమండ్రి వెళ్ళి గంటలు కొట్టే గోడ గడియారం కొన్నాను. పడవలో ఒళ్ళో పెట్టుకుని గోదావరి దాటించాను. లోలకం విడిగా పంచెలో చుట్టి పట్టుకున్నాను.

పక్కింట్లో మా మేనత్త కొడుకు ఉంటాడు, నాకు బావ. మేకు కొడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"మన వీధిలో కళ్ళున్నవాళ్ళకే గంట చూడ్డం రాదు. చూపు లేని అత్తయ్యకి గడియారమేంటి బావా?"

"చూడ్డానికి కాదులే బావా, వినడానికి."

"వినడానికైతే నేను లేనా? రోజూ వచ్చి నాలుగు కబుర్లు చెబుతాను. నాకు కీ కూడా ఇవ్వక్కర్లేదు."

"నీకు కీ ఇవ్వక్కర్లేదురా, ఆపడమే కష్టం" అంది అమ్మ లోపల్నుంచి.

ఆ మధ్యాహ్నం గడియారం మొదటిసారి పన్నెండు కొట్టింది. అమ్మ ఒక్కొక్క దెబ్బకీ ఒక్కొక్క కణుపు మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టింది. పన్నెండోది అయ్యాక ఇంకోటి పడుతుందేమోనని కాసేపు ఆగింది. పడలేదు. అప్పుడు ఎన్నాళ్ళకో మళ్ళీ ఆ కేక వేసింది, "ఆకులెయ్యండి!" పిల్లలతో సహా ఇల్లంతా పరుగెత్తింది. బావ కూడా మా ఇంట్లోనే భోంచేశాడు.

గంటల గడియారంలో ఒక చిక్కుంది, దాన్ని పట్టుకున్నది కూడా అమ్మే. అది అరగంటకి ఒక దెబ్బ కొడుతుంది. పన్నెండున్నరకి ఒకటి, ఒంటిగంటకి ఒకటి, ఒకటిన్నరకి మళ్ళీ ఒకటి. భోజనమయ్యాక కునుకు తీసి లేస్తే, వినబడిన ఒక్క దెబ్బా ఆ మూడింట్లో ఏదో తెలియదు. మళ్ళీ అడగవలసిన పరిస్థితి. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు లేచి, గోడ పట్టుకుని మండువా అంచుకి వెళ్ళి, కింద కూర్చుని అరచెయ్యి రాతి మీద పెట్టింది. రాయి ఎక్కడిదాకా కాలిందో, ఎక్కణ్ణుంచి చల్లగా ఉందో చూసుకుంది. గుంటలు వేళ్ళకి తగిలాయి. గుంటలు దాటి జానెడు మేర ఎండ ఉంటే పన్నెండున్నర. మెట్టు అంచు వెచ్చబడితే ఒంటిగంట. కళ్ళు పోయిన ఇన్నాళ్ళకి తన పాత గడియారం తన చేతికి దొరికింది. నేను ఆ సంగతి విని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో, కట్ట మట్టి కొలవడానికి నన్ను కొవ్వూరు పిలిచారు. మా ఊరికి ఆమడ దూరం. వేసవి మొదలయింది. పని అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. గడియారానికి కీ ఇవ్వడం, ముల్లు జరపవలసివస్తే ప్రతి గంట దగ్గరా ఆగి గంట కొట్టనిచ్చి ముందుకు జరపడం నా భార్యకి నేర్పి వెళ్ళాను. ఆ తరవాత జరిగింది ఆవిడ చెప్పగా విన్నదే.

నేను వెళ్ళిన కొన్నాళ్ళకి అమ్మ అంది, "అమ్మాయ్, గడియారం నడక బాగాలేదే. కుంటి మేక నడిచినట్టుంది."

"బాగానే తిరుగుతోందండీ, ముళ్ళు కదులుతున్నాయి."

"కదిలితే కదిలాయిలే. విను. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి."

నా భార్యకి తేడా తెలియలేదట. రెండు రోజులకి గడియారం ఆగిపోయింది. కీ ఇచ్చి లోలకం ఊపితే కాసేపు ఆడి మళ్ళీ ఆగింది. బావ వచ్చి తలుపు తీసి చూశాడు.

"రాజమండ్రి పంపాలి అత్తయ్యా. లేదా బావ వచ్చేదాకా ఓపిక పట్టాలి. అందాకా నన్నడుగు, వేళ చెబుతాను."

"నిన్నడిగితే ఎప్పుడూ నీ భోజనం వేళే చెబుతావు" అంది అమ్మ. నవ్వుతూనే అంది. కాని ఆ పూట మళ్ళీ అన్నం దగ్గర మెతుకులు కెలుకుతూ కూర్చుందని నా భార్య చెప్పింది. మళ్ళీ అందరినీ అడుగుతూ బతకాలన్న దిగులు అది.

మర్నాడు పొద్దున్నే అమ్మ గడియారం ఉన్న గోడ దగ్గరికి వెళ్ళి అరచేత్తో తడిమింది. గోడలో వేలు పట్టేటంత బీట ఉంది. మాది నల్లరేగడి. వేసవిలో నేల నెర్రెలిస్తే గోడ ఒక పక్కకి దిగుతుంది. గోడతో పాటు గడియారం పెట్టె కూడా ఒరిగింది.

"లోలకం ఊపవే. ఊపి, పెట్టె కింది అంచు కొంచెం నీ కుడికి జరుపు."

"జరిపానండీ."

"ఇంకా కుంటుతోంది. ఇంకాస్త... అబ్బ, ఎక్కువయింది, వెనక్కి రా. ఆఁ! ఆగు. కదపకు. ఇప్పుడు సరిగ్గా నడుస్తోంది."

పెట్టె అక్కడ నిలిచేలా పక్కన చెక్కముక్క దోపించింది. ఇక వేళ పెట్టాలి. అమ్మ పొద్దెక్కేదాకా ఆగి, తూర్పు చూరు కింద కూర్చుని, వేళ్ళు గుంటల్లో ఉంచింది. నా భార్య పీట మీద నిలబడి, ముల్లుని గంట గంటకీ ఆపి కొట్టనిస్తూ పన్నెండు ముందు దాకా తెచ్చి పట్టుకుంది. పిల్లల్ని మాట్లాడవద్దంది అమ్మ. ఎండ అంచు వేళ్ళ మీదికి వచ్చి గుంటలు వెచ్చబడగానే, "ఇప్పుడే!" అంది. నా భార్య ముల్లుని పన్నెండు మీదికి జరిపింది, గడియారం పన్నెండు కొట్టింది.

నేను ఇంటికి వచ్చే రోజు, పనిలో వాడుకోమని కట్ట మేస్త్రీగారిచ్చిన జేబు గడియారాన్ని స్టేషను గడియారంతో సరిచూసుకుని బయల్దేరాను. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకముందే నా భార్య ఇదంతా చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. జేబులోంచి తీసి రెండూ పోల్చాను.

"ఎనిమిది నిమిషాలు ముందుందమ్మా" అన్నాను.

అమ్మ మొహంలో వెలుగు తగ్గింది. "అయితే తప్పు పెట్టానన్నమాట. చెయ్యి కదా, కన్ను కాదు. తిప్పెయ్ నాయనా."

ముల్లు మీద చెయ్యి వేసినవాణ్ణి ఆగాను. స్టేషనులో నడిచేది మద్రాసు వేళ. సూర్యుడు మద్రాసుకీ మనకీ ఒకేసారి నడినెత్తికి రాడు. మనం తూర్పున ఉన్నాం, మనకి ముందు వస్తాడు. పని చోట గోడకి తగిలించిన పటంలో నేను చూసిన గీతల ప్రకారం రెండు ఊళ్ళకీ తేడా డిగ్రీన్నర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఆరు నిమిషాలు. అంటే ఎనిమిదిలో ఆరు తప్పు కాదు, అది మా ఊరి అసలు వేళ. సూర్యుడి నడక ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు కనక, ఎండ మధ్యాహ్నానికీ గడియారం మధ్యాహ్నానికీ ఏడాదిలో చాలా రోజులు ఎంతో కొంత తేడా ఉంటుంది. కలవడం నాలుగు సార్లే, అమ్మ వేళ పెట్టిన వారం అందులో ఒకటి. కనక ఆ లెక్కన తీసివెయ్యవలసింది ఏమీ లేదు. ఇక మిగిలింది రెండు నిమిషాలు.

"రెండే తేడా అమ్మా" అన్నాను. మిగతా అంతా వివరించాను.

"రెండైనా తప్పు తప్పే కదురా. నీ లెక్కలో అయితే రెండు నిమిషాలు వదులుకుంటావా?" అంది. వదులుకోను. ఆవిడకి తెలుసు.

మర్నాడు తాపీ పనివాళ్ళు వాడే తూకపు గుండు తెచ్చి, తూర్పు చూరు అంచు నుంచి దారం వదిలాను. గుండు గుంటల మీద నిలవలేదు. వాటికి వేలి వెడల్పు ఇవతల, వసారా వైపు నిలిచింది. నాకు నవ్వొచ్చింది. పెంకు వాలు మీద జారి వచ్చే చుక్క నిలువునా పడదు, కాస్త ముందుకి దూకి పడుతుంది. అందుకని గుంటలు చూరుకి సరిగ్గా కింద కాక, వేలి వెడల్పు మండువాలోకి ఏర్పడ్డాయి. ఎండ అంచు ముందు గుంటల్ని తాకి, ఆ తరవాతే దారం కిందికి వస్తుంది. ఎంత తరవాత? జేబు గడియారం పట్టుకుని కూర్చుని చూశాను. రెండు నిమిషాలు.

అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు గుంట, తరవాత దారం తడిమించాను.

"ఆరు నిమిషాలు మన ఊరివి. రెండు వాన చుక్కలవి. ఇందులో నీ తప్పు ఒక్క నిమిషం కూడా లేదమ్మా."

అమ్మ దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గుండు దాకా తడుముకుంది. "అయితే తిప్పకు" అంది చివరికి.

తిప్పలేదు. కీ ఇచ్చేటప్పుడు, సరిచూసేటప్పుడు ఆ ఎనిమిదీ అలాగే ఉంచుతాను. ఆ తరవాత పెంకులు మార్చినప్పుడు తూర్పు చూరు అంచు వెంట్రుకవాసి జరగకుండా దగ్గరుండి వేయించాను. పనివాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ. కొలతలు తీసుకుని బతికినవాణ్ణి, ఎన్నో కట్టలు కొలిచాను. నేను సరిచూసినవాటిలో నాకు బాగా గర్వంగా ఉన్నది ఆ అరచేతి కొలతే.

వేళ అడగడానికి ఇప్పుడు వీధిలో వాళ్ళే మా అరుగు దగ్గరికి వస్తారు. లోపలికి వచ్చి గడియారం చూడరు, అమ్మనే అడుగుతారు. ఆవిడ, గడియారం చివరగా కొట్టిన గంటని మనసులో పెట్టుకుని, మధ్యలో ఎంత గడిచిందో అంచనా వేసి చెబుతుంది. మొన్న బావ కొవ్వూరు ప్రయాణం పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, వీధిలోంచే కేకేశాడు.

"అత్తయ్యా, గంటెంతయిందీ?"

"మన గంటా, రైలు గంటా?" అంది అమ్మ.