పడిలో బొటనవేలు

చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో, పూతలపట్టు దగ్గర ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చునింది. ఒళ్లో బొరుగులు కొలిచే పాత ఇనుప పడి. బొరుగుల అంగడిలో పుట్టి పెరిగినవాణ్ణి, చూస్తూనే బేరం పెట్టినాను.

"అమ్మేది కాదప్పా. తిరుపతి లైబ్రరీలో సైన్సు చరిత్ర మీద మాట్లాడబోతా ఉండాను. మనుషులు కొలవడం ఎట్లా నేర్చినారో చూపించేదానికి ఇది."

బేరం చెడిన కడుపుమంట నాకు. "దానికి ఎవరొస్తారు మేడమ్? టిఫినేమన్నా పెడతారా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. పడిని ఎత్తి, బొటనవేలు లోపలికి పెట్టి పట్టుకునింది. "కొలవడంతో పాటే ఇదీ నేర్చినారు. వేలు పట్టినంత సరుకు అంగడోడికే మిగులుతుంది. ఈ చరిత్ర కూడా చెప్తాను."

"మా నాయన దొంగ కాదు," అని గొంతు పెంచినాను.

"మీ నాయన మాట నేనెత్తలేదే."

బస్సంతా నా వైపు తిరిగింది. ఇంత గడుసు బేరగాణ్ణి, అడక్కుండానే సరుకంతా బయట పెట్టేసినాను. తిరుపతిలో ఆమె దిగేటప్పుడు కాళ్లు పక్కకు కూడా తీయలేదు నేను.

ఇప్పుడు అంగడిలో పడిని బయటినుంచే పట్టుకొని కొలుస్తా ఉంటే, "వేలికి దెబ్బ తగిలిందా?" అని నాయన అడుగుతాడు. తగిలిందనే చెప్తాను.