దేవదానం మామ మనసు నిమ్మళమయ్యేదాకా

మా దేవదానం మామకు ఉన్నది ఒక్కటే జబ్బు. మనసు నిమ్మళం కానిదే బైబిలు తెరవడు. ఇందులో తప్పేముంది, మంచి అలవాటే కదా అంటారు మీరు. అనండి. ఆయన మనసు నిమ్మళమయ్యే రకం కాదని మీకు తెలియదు కాబట్టి అంటారు.

మామది నందికొట్కూరు బస్టాండు వెనక వీధిలో దర్జీ కొట్టు. ఏళ్ల తరబడి మిషను తొక్కి తొక్కి ఆయన కాళ్లకు నిలకడ పోయింది. అన్నం తింటున్నా కాళ్లు తొక్కుతూనే ఉంటాయి, పెళ్లి ఫొటోకు నిలబడినా తొక్కుతూనే ఉంటాయి. గొంతు మాత్రం బంగారం. ఆయన వాక్యం చదివితే ఏడ్చే పిల్లలు కూడా ఏడుపు ఆపి వింటారు. అందుకే మా చర్చిలో ప్రతి ఆదివారం వాక్యం చదివే పని ఆయనకే అప్పగించారు. చదివితే కదా!

నేను అదే చర్చిలో డోలక్ వాయిస్తాను. వాక్యం చదివే పుల్పిట్ పక్కనే, జనం వైపు తిరిగి కూర్చుంటాను. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాని పని. అలాంటివాడిని తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టడం పాస్టరయ్య నా మీద తీర్చుకున్న పగేనని గట్టిగా నమ్మేవాడిని.

"హబక్కూకు గ్రంథం, రెండో అధ్యాయం" అని మామ ప్రకటిస్తాడు. అందరూ ఎవరి బైబిలు వాళ్లు తెరుస్తారు. మామ మాత్రం తన బైబిలు మూసి గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు.

"ఒక్క నిమిషం. నా మనసు నిమ్మళం కానీండి."

ఇక మొదలు. కళ్లద్దాలు తీసి తుడుస్తాడు. చేతి గడియారం టిక్కుటిక్కుమంటోందని విప్పి జేబులో వేసుకుంటాడు. జేబులో పడ్డాక అది గుండె మీదే కొట్టుకుంటోందని తీసి నా చేతిలో పెడతాడు. ఆ తర్వాత ఒక కన్ను తెరిచి కిటికీ వైపు చూస్తాడు.

"ఆ కిటికీ మూయండప్పా. బయట కోడి నన్నే చూస్తాండాది."

మూస్తారు. మా సీమ ఎండలో కిటికీ మూస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? జనమంతా విసనకర్రలకు బదులు పాటల పుస్తకాలతో విసురుకుంటారు.

"మామా, అయ్యిందా?" అని నేను పళ్ల సందున అడుగుతాను.

"యాడయ్యింది? కోడి పోయింది గానీ దాని పిల్లలు ఈడనే ఉండాయి."

ఇళ్లల్లో కూడికలు పెట్టినా ఇదే వరస. ఒకసారి లాజరు ఇంట్లో ప్రార్థన కూడిక. మామ ఇట్లా కళ్లు మూసుకున్నాడో లేదో వంటింట్లో కుక్కరు కూత పెట్టింది.

"అదేంది లాజరూ, లోపల రైలొచ్చిందా?"

"కుక్కరు మామా."

"ఇంకా ఎన్ని కూతలు కూస్తాది?"

"అది మా ఆడమనిషికే తెలియాల."

"అయితే ఆర్పేసి రమ్మను. నా మనసంతా ఆ కుక్కర్లోనే ఉడుకుతాండాది."

లాజరు భార్య పొయ్యి ఆర్పి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు ఫ్యాను కిర్రుమంది. మామ జేబులోంచి మిషను నూనె సీసా తీసి, స్టూలెక్కి, ఫ్యానుకు నూనె పోసి, దిగి, చేతులు కడుక్కొచ్చి, మళ్లీ మొదటి నుంచీ మనసు కుదుటపరచుకోవడం మొదలుపెట్టాడు.

ఆ లాజరుకే ఒకసారి కర్నూలు ఆసుపత్రిలో ఆపరేషను పడింది. లోపలికి తీసుకుపోయే ముందు మామ వచ్చి వాక్యం చదవాలని బతిమాలాడు. మామ వెళ్లాడు, మంచం పక్కన నిలబడ్డాడు, కళ్లు మూసుకున్నాడు. ఆయన మనసు నిమ్మళమయ్యేలోపు లాజరును తీసుకుపోయారు. మామ కళ్లు మూసుకునే చదవడం మొదలుపెట్టాడు, కంఠస్థం మరి. తెరిచి చూస్తే ఎదురుగా ఖాళీ మంచం. గతుక్కుమని ఆపేశాడు.

పక్క మంచం మీద కాలికి పిండికట్టుతో ఖాసిం వలి అని ఒక పెద్దమనిషి. "ఏమప్పా, సగంలో ఆపితివి? కానీ, కానీ. వింటాంటే శానా హాయిగా ఉండాది" అన్నాడు. మామ చివరిదాకా చదివి, ప్రార్థన కూడా ఆయన కాలి కోసమే చేసి వచ్చాడు. లాజరు ఇప్పటికీ ఈ మాటెత్తితే మామను కొరకొరా చూస్తాడు.

ఇట్లా ఎంతకాలం? పొయ్యి మీద మాంసం పెట్టి వచ్చిన ఆడవాళ్లున్నారు, కర్నూలు బస్సు అందుకోవాల్సినవాళ్లున్నారు. చివరికి సంఘ పెద్దలు కూర్చుని, వాక్యం చదివే పని ప్రేమ్‌సాగర్‌కు ఇచ్చేశారు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు. చదివితే కామా, ఫుల్‌స్టాపు ఏవీ అడ్డం రావు. మామ ఏమంటాడోనని అందరం భయపడ్డాం. ఆయన "సరే నాయనా. కొంచెం నిదానంగా చదవమని చెప్పండి" అని మాత్రం అన్నాడు. మరుసటి ఆదివారం వెనక బెంచీలో కూర్చుని కాళ్లు తొక్కుకుంటూ విన్నాడు. మేం మాత్రం పండగ చేసుకున్నాం. అందరికంటే ఎక్కువ నేనే చేసుకున్నాను.

ఆ పండగ తనూజకు మాత్రం కాదు. తనూజ మా ఏసుబాబు భార్య. కమలాపురం దగ్గర రైతుల ఇంటి పిల్ల, కోరి చేసుకుంది. పెళ్లికి ముందు బైబిలు ముట్టుకుని ఎరగదు. అయినా ఇష్టంగానే చర్చికి వచ్చేది. అత్త కరుణమ్మ స్త్రీల సమాజానికి పెద్ద, నోరు కూడా పెద్దదే. ప్రేమ్‌సాగర్ వచ్చిన రెండు మూడు వారాలకే తనూజ రావడం మానేసింది. ఒకసారి తలనొప్పి అంది, ఒకసారి కడుపునొప్పి అంది.

"దానికి వాక్యమంటే లెక్కలేదు. వచ్చినా కాగితాలు తిప్పుతా కూర్చుంటాది, నలుగుర్లో నా తల తీసేసినట్లుండాది" అని కరుణమ్మ చర్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

ఏసుబాబు నా దగ్గరికొచ్చి గోడు వెళ్లబోసుకున్నాడు. "ఇంట్లో పొద్దస్తమానం అదే రగడన్నా. అమ్మ అంటాది, ఆ పిల్ల ఏడుస్తాది. ఇట్లే ఉంటే వేరే ఇల్లు చూసుకోవాల్సిందే."

ఆ వారంలోనే నా ప్యాంటు నడుము వదులు చేయించుకుందామని మామ కొట్టుకు పోయాను. తనూజ రవికె గుడ్డ ఇవ్వడానికి వచ్చి ఉంది. నేను ఊరుకునే మనిషిని కాదు కదా, మొహం మీదే అడిగేశాను.

"ఏమ్మా, చర్చికి రాకుండా అయితివి?"

ఆ పిల్ల తల వంచుకుంది. "ఏం చేయాలన్నా? ఆ బ్యాంకాయన గ్రంథం పేరు చెప్పి పరుగెత్తుతాడు. అది ముందుండాదో వెనకుండాదో నాకేం తెలుసు? నాకు పేజీ దొరికేలోపు ఆయన చదివేసి దిగిపోతాడు. వెనకాల పిల్లలు నవ్వుతారు, పక్కన అత్త గుర్రుమని చూస్తాది. ఈ మామ చదివేటప్పుడే నయం. మామ మనసు నిమ్మళమయ్యేలోపు నాకు దొరికేది."

మిషను ఆగింది. మామ కాళ్లు ఆగడం నేను పుట్టినప్పటి నుంచీ చూడలేదు.

తనూజ వెళ్లిపోయాక అడిగాను. "మామా, ఆ పిల్లకు పేజీ దొరకదని నీకు ముందే తెలుసు కదా?"

"నాకేం తెలుసప్పా? నా మనసే నా మాట వినదు."

"మరి నువ్వు కళ్లు మూసుకున్నప్పుడు నీ వేలు బైబిలు మధ్యలో ఎందుకుంటాది? పేజీ ముందే తీసి పెట్టుకుంటావు. ఓరకంటితో జనాన్ని చూస్తాంటావు. కోడి లేదు, కోడిపిల్లలు లేవు!"

మామ కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. "ఆ పిల్లకు దొరక్కముందే చదివితే ఎవరికి చదివినట్లప్పా? పేజీ దొరకనోళ్లకు మనసు యాడ నిమ్మళంగా ఉంటాది? ఈ మాట బయట అన్నావంటే నీ ప్యాంటు ఒక కాలు పొట్టిగా కుడతా, చూసుకో."

లాజరు ఇంట్లో కుక్కరు ఆర్పించింది ఎందుకో అప్పుడు వెలిగింది నాకు. ఆ ఇల్లాలు కూడికలో కూర్చుని వాక్యం వినడం అదే మొదటిసారి. ఆసుపత్రి సంగతి మాత్రం వేరు. అక్కడ మామకు నిజంగానే భయమేసింది.

పాస్టరయ్య దగ్గరికి పోయాను. అసలు కారణం చెబితే తనూజ నలుగురి నోళ్లలో పడుతుంది, నా ప్యాంటు కాలూ పోతుంది. అందుకని, "అయ్యగారూ, ప్రేమ్‌సాగర్ చదివే వేగానికి నా చేతులు ఆగడం లేదు. ఎప్పుడో ఒకరోజు మధ్యలోనే దరువు వేసేస్తా, తర్వాత నన్ననొద్దు" అని బెదిరించాను. పాస్టరయ్య నా మొహం చూశాడు, నేను అన్నంత పనీ చేసే రకమని ఆయనకు తెలుసు. నిట్టూర్చి, సరే, ఈసారి మామనే చదవమందాంలే అన్నాడు. ఏసుబాబుకు ఆదివారం మామ చదువుతాడని కబురు పంపాను.

ఆదివారం తనూజ వచ్చింది. అత్త పక్కన అంత ఎడంగా, బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మామ పుల్పిట్ ఎక్కి "ఓబద్యా గ్రంథం" అన్నాడు. ఇక దొరికినట్టే అనుకున్నాను. మొత్తం గ్రంథం ఒక్క ఆకు. రెండు పేజీలు అంటుకుంటే అది ఉన్నట్టే తెలియదు.

"ఒక్క నిమిషం. నా మనసు నిమ్మళం కానీండి."

ఎవరో ఉస్సురన్నారు. గడియారం నా చేతిలోకి వచ్చింది. నేను తనూజనే చూస్తున్నాను. ఆ పిల్ల విషయసూచిక తీసింది, వేలుతో వెతికింది, ముందుకు తిప్పింది, వెనక్కు తిప్పింది, ఆగింది. తలెత్తింది. మొహం వెలిగిపోయింది. నేను గట్టిగా ఊపిరి వదిలాను.

మామ మాత్రం మొదలుపెట్టలేదు.

"మామా, దొరికిందిలే, కానీ" అని గొణిగాను.

"నాకింకా నిమ్మళం కాలే" అన్నాడు.

ఇంకెవరబ్బా అని వరస వరసా చూసుకుంటూ పోయాను. అందరి చేతులూ ఆగి ఉన్నాయి, ఒక్కరివి తప్ప. అంచులకు బంగారు రంగున్న పెద్దక్షరాల బైబిలు. దాని మీద చూపుడు వేలు పెట్టి, అంతా దొరికినట్టే గంభీరంగా తలాడిస్తూ, కింద బొటనవేలితో దొంగచాటుగా ఆకులు తిప్పుతోంది కరుణమ్మ. మొహమంతా చెమటలు. స్త్రీల సమాజానికి పెద్దాయె, ఎవరిని అడుగుతుంది?

మామ ఉన్నట్టుండి పైకప్పు వైపు చెయ్యి చూపించాడు. "అదిగో బల్లి! నెత్తిన పడేటట్లుండాది, అందరూ చూసుకోండి!"

చర్చి మొత్తం తలెత్తింది. నేనెత్తలేదు. తనూజ అత్త వైపు చూసి, చప్పుడు కాకుండా జరిగి, ఆమె ఒళ్లోని బైబిల్లో పేజీ తీసి పెట్టింది. కరుణమ్మ కోడలి వైపు చూసింది. తన కొంగుతో ముందు కోడలి మొహం మీద చెమట తుడిచి, ఆ తర్వాత తనది తుడుచుకుంది.

"ఆ, పోయింది" అన్నాడు మామ. బైబిలు తెరిచి చదివాడు. ఎంత బాగా చదివాడో నేను చెప్పలేను.

ఆయన దిగి వచ్చాక పైకప్పంతా వెతికాను. "మామా, బల్లి యాడుండాది?"

"ఉంటే ఏం చేస్తావప్పా, దానికి డోలక్ వాయిస్తావా? పాటెత్తుకుంటాండారు, కొట్టు" అన్నాడు.