ఉయ్యాల బల్ల మీద ఇంగ్లీషు

మొన్న తెనాలిలో చెక్క సామాన్ల దుకాణం ముందు నుంచి వెళుతుంటే, లోపల ఎవరో ఉయ్యాల బల్ల ఎక్కి ఊగి చూస్తున్నారు. గొలుసులు కిర్రుమన్నాయి. అంతే, నడిబజారులో నా నోటి నుంచి "బోట్స్, బ్రింగ్, ఫిష్" అని లయగా వచ్చేసింది. పక్కనే బండి పెట్టుకున్నావిడ, "ఇక్కడ చేపలు లేవమ్మా, అరటిపళ్ళే" అంది. నవ్వొచ్చింది. ఆ చప్పుడు వింటే నాకు రేపల్లెలో ఎస్తేరు టీచరు గారి వరండా గుర్తొస్తుంది.

మాది భట్టిప్రోలు. తెలుగు మీడియం చదువు. ఇంగ్లీషు టీచరు కావాలన్నది చిన్నప్పటి నుంచి నాకున్న ఒకే ఒక్క పిచ్చి. బాపట్లలో డిగ్రీ చదివే రోజుల్లో గ్రామరులో నన్ను మించినవాళ్ళు లేరని తెగ మురిసిపోయేదాన్ని. ఒక్క సెమినార్‌తో ఆ మురిపెం దిగిపోయింది. నేను మాట్లాడుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "కండక్టరు స్టాపుల పేర్లు చదువుతున్నట్టు లేదూ?" అంది. క్లాసంతా గొల్లుమంది. ఒళ్ళు మండింది గానీ, ఆ పిల్ల అన్నది నిజమే. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇవ్వడం మనకు అలవాటు. ఇంగ్లీషులో కూడా నేను అన్నిటికీ సమానంగా వడ్డించేసేదాన్ని. బీఈడీ అయ్యాక తెనాలిలో ఒక స్కూలువాళ్ళు పాఠం చెప్పించుకుని చూసి, "సబ్జెక్టు ఉందమ్మా, స్పోకెన్ లేదు" అని పంపేశారు. కావాలంటే వేసవి తర్వాత ఇంకోసారి రమ్మన్నారు. ఈలోగా మా మామయ్య నాకోసం బట్టల కొట్లో ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. ఈసారి కూడా పోతే చీరలు మడతపెట్టుకుంటూ బతకడమే.

రేపల్లెలో మా పిన్ని పక్కింట్లో ఉండేవారు ఎస్తేరు టీచరు గారు. చర్చి వాళ్ళ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. మనిషి సన్నగా ఉండేవారు, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. పిన్ని నన్ను తీసుకెళ్ళి ఆవిడ ముందు కూర్చోబెట్టింది. నేను మాట్లాడుతుంటే టీచరు గారు కళ్ళు మూసుకుని విన్నారు.

"తప్పులేం లేవు. ప్రాణమే లేదు. రా, ఎక్కు" అన్నారు, ఉయ్యాల మీద పక్కకు జరుగుతూ. "నా కాలు నేలకి తగిలినప్పుడు అసలు మాట పడాలి. చిన్నాచితకా మాటలన్నీ మధ్యలో సర్దుకోవాల్సిందే. ఉయ్యాల నీ కోసం ఆగదు."

"బోట్స్, బ్రింగ్, ఫిష్" బాగానే పలికాను. మూడు ఊపులు, మూడు మాటలు. తర్వాత "ద బోట్స్ ఆర్ బ్రింగింగ్ ద ఫిష్" అనమన్నారు. మాటలు పెరిగాయి, ఊపులు మాత్రం మూడే. నేను వెనకబడిపోయాను.

"ఆ చిన్న మాటల్ని అంతసేపు నమల్తావేంటే? మింగెయ్!"

"మింగితే తప్పు కాదాండి?"

"మింగకపోతేనే తప్పు. నిజాంపట్నం బస్సు ఎప్పుడన్నా ఎక్కావా? సీట్లు దొరికినవాళ్ళు కూర్చుంటారు, మిగతావాళ్ళు సందుల్లో ఇరుక్కుంటారు. బస్సు మాత్రం టైముకి వెళ్ళాల్సిందే."

వేసవంతా అదే పని. తిట్లకు కొదవ లేదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి నోరూ ఊపూ ఒకటైపోయాయి. నీళ్ళలో మొదటిసారి తేలినప్పటి ఆనందం అది. టీచరు గారు మెచ్చుకోలేదు, ఇంకా పొడుగు వాక్యం ఇచ్చారు.

వేసవి అయ్యాక మళ్ళీ తెనాలి స్కూల్లో, ఏడో తరగతి. వెనక కుర్చీలో ప్రిన్సిపాల్ గారు. మొదటి వాక్యానికే మళ్ళీ ఆ పాత కండక్టరు గొంతే బయటికొచ్చింది. పిల్లలు ఆవులించారు. చీరల కొట్టు కళ్ళముందు కనిపించింది. ఇక పోయేదేముంది అనుకుని పుస్తకం మూసేశాను. "భుజాలు కలిపి కూర్చోండర్రా, మీ బెంచీలే ఉయ్యాలలు" అన్నాను. క్లాసు కుడికి ఒరిగితే బోట్స్, ఎడమకి ఒరిగితే బ్రింగింగ్, మళ్ళీ కుడికి ఫిష్. రెండో విడతకే పైకప్పు ఎగిరిపోయేంత కేక. పక్క క్లాసు మాస్టారు గొడవేమోనని పరుగెత్తుకొచ్చారు. ప్రిన్సిపాల్ గారిని చూస్తే, కుర్చీలో ఆయన కూడా ఊగుతున్నారు! గంట కొట్టాక, "సోమవారం వచ్చి చేరిపోండమ్మా" అన్నారు.

ఇంటికి కూడా వెళ్ళకుండా రేపల్లె రైలెక్కేశాను. టీచరు గారు వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఉద్యోగం వచ్చిందండీ!"

"తెలుగులో ఎవరికి కావాలి? ఎక్కి చెప్పు."

ఎక్కాను. నేర్పిన పద్ధతిలోనే అన్నాను: "ఐ గాట్ ద జాబ్." గాట్ ఒక ఊపు మీద, జాబ్ ఒక ఊపు మీద. చిన్న మాట కనక 'ఐ'ని మింగేశాను. టీచరు గారు కాలు అడ్డం పెట్టి ఉయ్యాల ఆపేశారు.

"అన్నీ మింగమన్నాను, నిజమే. ఇవ్వాళ మాత్రం దాన్ని మింగకు. బాపట్లలో నవ్వింది ఎవర్ని చూసి? తెనాలిలో గెలిచింది ఎవరు? మొదటి మాట మీద వెయ్యి కాలు."

అన్నాను.

"మీ పిన్నికి వినపడలేదు."

ఇంకా గట్టిగా అన్నాను. పక్కింట్లోంచి పిన్ని పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. టీచరు గారు చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడొచ్చిందే నీకు ఇంగ్లీషు" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నా క్లాసులోకి పల్లెల నుంచి వచ్చిన పిల్లలు తమ గురించి చెప్పమంటే తల వంచుకుని, మొదటి మాటను గొంతులోనే దాచేసుకుంటారు. వాళ్ళకు లయా వేగమూ తర్వాత నేర్పుతాను. ముందు తల ఎత్తించి, ఆ ఒక్క మాటను వీధి చివరికి వినపడేలా అనిపిస్తాను: "ఐ!"