తాలూకా ఆఫీసు ఎదుటి అప్ప

మొన్న మంగళవారం పొద్దున్నే మా మేనత్త పోయింది. చోడవరం తాలూకా ఆఫీసు చుట్టూ ఎప్పుడైనా తిరిగినవాళ్లు మీలో ఉంటే, ఎదుటి పాక హోటల్లో ఆవిడ చేతి ఇడ్లీ తినే ఉంటారు. చీవాట్లు కూడా తినే ఉంటారు.

మామయ్య పోయాక ఆ హోటలే ఆవిడకి ఆధారం. మాడుగుల, చీడికాడ వైపు కొండ దిగువ పల్లెలన్నీ అప్పట్లో మా తాలూకాలోవే. పట్టా కావాలన్నా, సర్టిఫికెట్టు కావాలన్నా ఇక్కడికే రావాలి. బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. తీరా వస్తే తాసిల్దారుగారు క్యాంపుకెళ్లారనేవారు. ఆ పల్లెలవాళ్లంతా ఆవిడని అక్క వరసన అప్ప అని పిలిచేవారు. ఆవిడ ఎవర్నీ ముందుగా ఏం తింటావని అడిగేది కాదు, "పనయిందేటి?" అని అడిగేది. కాలేదంటే ఆఫీసు వైపు తిరిగి నాలుగు తిట్టి, ఇంకో గరిటె చట్నీ వేసేది. పని కాక ఆగిపోయినవాళ్లకి హోటలు బల్లలే మంచాలు.

అలాంటి రోజుల్లో తాలూకాని విడగొట్టి మాడుగుల్లో కొత్త ఆఫీసు పెడతారని తెలిసింది. మా బజారంతా గగ్గోలు. బేరాలు పోతాయి మరి. పక్క కిరాణా కొట్టాయన ముందు నడిచి, విడగొట్టొద్దని అర్జీ రాయించి, సంతకానికి మొదట మా అత్త దగ్గరికే తెచ్చేడు. అందరికంటే ఎక్కువ నష్టం ఆవిడకే కదా. నేనక్కడే ఉన్నాను. పిండి చెయ్యి కడుక్కుంటే సంతకం పెట్టడానికే అనుకున్నాను. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని అంది:

"మన పొయ్యి ఎలగాలని ఆళ్ల కాళ్లరిగిపోవాలేటి బాబూ? నాను పెట్టను."

నోటికాడ కూడు చేజేతులా తీసేసుకుందని మా నాన్న అక్కగారితో చాన్నాళ్లు మాట్లాడలేదు. తరవాత తరవాత ఆ మాట ఊరంతా చెప్పుకు తిరిగిందీ ఆయనే. నాకైతే ఆ రోజు నుంచీ ఆవిడ మేనకోడల్నని చెప్పుకోవడం గర్వంగానే ఉంది.

కొత్త తాలూకా వచ్చింది. హోటల్లో బేరం పల్చబడింది. బయటి బల్లలు ఒక్కోటే లోపలికి పోయాయి. మధ్యాహ్నం మాడుగుల బస్సు ఖాళీగా వచ్చి ఆగితే మాకు దిగులేసేది. ఆవిడ మాత్రం తొంగి చూసి, "ఈపాటికి ఆళ్లు పని సేసుకుని ఇంటికాడ గంజి తాగుతుంటారు" అనేది. నిజంగా సంతోషంగానే అనేది.

ఆవిడ పోయిన కబురు బస్సు కండక్టరు అటు పల్లెలకి చేరేసినట్టున్నాడు. మంగళవారం మధ్యాహ్నం మాడుగుల బస్సు నిండుగా వచ్చింది. దిగినవాళ్లని చూసి కిరాణా కొట్టాయన అలవాటు కొద్దీ అడిగేడు, మీ ఆఫీసు ఇక్కడ కాదు కదా, ఏం పనిమీద వచ్చేరని.

"పనేటీ నేదు బాబూ," అంది ముందు దిగిన ముసలామె. "అప్ప కోసం వచ్చేం."

లోపలి బల్లలన్నీ మళ్లీ బయటికి తెచ్చి వేశాం. ఒక చివర మా నాన్న పట్టుకుంటే రెండో చివర ఆ కొట్టాయన పట్టుకున్నాడు. బల్లలు సరిపోలేదు.