తూములో చదివిన గొంతు

1996 వేసవిలో విజయవాడలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడరుగా చేరాను. నేను బడి మెట్లెక్కినదాన్ని కాను. నాన్న ఇంట్లోనే బైబిలు ఎదుట పెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుకే ఉద్యోగం దొరికినందుకు దేవుడికీ, మా మేనేజరుగారికీ నేటికీ కృతజ్ఞురాలిని.

నాకు మొదట ఇచ్చింది పిల్లల సాహస నవల. చిత్తుకాగితాలు ఏరుకుని బతికే ముగ్గురు పిల్లలు వాననీటి తూములో దూరి, రైలుకట్ట కింద పాకి, అవతల తేలి నిధి కనుక్కుంటారు. ప్రూఫు ఇద్దరం చూసేవాళ్ళం. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులూ సహా. రెండోవారు అచ్చుకాగితం మీద సరిచూసుకోవాలి. చదివేది నా సీనియరు రహమత్ అక్క. "చీకట్లో చెయ్యి తగిలింది కామా ఆ చెయ్యి తమ్ముడిది కాదు ఫుల్‌స్టాప్ కొత్త పేరా" అంటూ ఖంగున చదివేది.

అప్పుడు వేసవికని నీళ్ళాపి కాలువ కట్టేసి ఉంది. ఎండిన అడుగున ప్లాస్టిక్ ఏరే నాగమణి, చంటి తమ్ముణ్ణి చంకనేసుకొచ్చి మా కిటికీ కింద కూర్చుని వినేది. సాయంత్రం మేం వెళ్తుంటే, "అదుగోరా కామా ఆంటీ! ఆ వెనకాల పొట్టావిడ ఫుల్‌స్టాపు!" అని వెక్కిరించేది. పొట్టిదాన్ని నేనే.

"ఆంటీ, నిజంగానే అవతల తేల్తారా?" అని ఒకసారి అడిగింది.

"కథలో తేల్తారే," అంది అక్క.

కాలువకు నీళ్ళు వదిలే రోజు వచ్చింది. మధ్యాహ్నానికల్లా నీళ్ళొస్తాయి, గట్టు దిగొద్దని, కాలువ నీళ్ళు చూసుకునే లస్కరు కేకేసి వెళ్ళాడు. ఆవేళ కిటికీ కింద ఎవరూ లేరు. మేమిద్దరం చదవడం ఆపి, క్యారేజీలు విప్పి తింటున్నాం. చేతులు కడుక్కునే గదిలోంచి ఒక పిల్ల గొంతు సన్నగా వచ్చింది.

"...తమ్ముడిది కాదు ఫుల్‌స్టాప్ కొత్త పేరా."

గదిలో ఎవరూ లేరు. గొంతు నేలలోని జాలీ కిందనుంచి వస్తోంది. చేతులు కడిగిన నీళ్ళు పోయేది కాలువలోకి తెరుచుకునే తూములోకే.

రహమత్ అక్క ముఖం పాలిపోయింది. "సువార్తా, మన గది తూము నోటికి దగ్గర. నువ్వు చదువుతూ ఉండు, ఆ గొంతు పట్టుకుని ఇటొస్తారు, ఆపకు," అని లస్కరు కోసం పరుగెత్తింది. రాతప్రతి తెచ్చుకునే వ్యవధి లేదు. జాలీకి నోరు దగ్గరపెట్టి, ప్రార్థన చేసుకుని, గుర్తున్నంత మేర కామాలతో సహా చెప్పుకుపోయాను. కింద నీటి చప్పుడు మొదలైంది. చివరికి బయట లస్కరు "దొరికార్రా!" అని అరిచాడు.

నేను పరుగున వెళ్ళేసరికి తూము నోటి దగ్గర తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడ్డ నాగమణి పాదాల మీదుగా నీళ్ళు పారుతున్నాయి. "అవతల ఇనప కడ్డీలున్నాయాంటీ. చీకట్లో ఎటు పోవాలో తెలీలా. మీరు చదువుతుంటే అటే పాకాం."

"ముందు చదివింది నువ్వేగా?" అన్నాను.

"నేనా? కంపుకి నోటికి గౌను అడ్డంపెట్టుకుంటేనూ! మొదట్నించీ మీరే చదివార్గా."

తమ్ముడికింకా మాటలే రావు.

"పొద్దున మనం చదివిందే తూములో తిరిగి తిరిగి వచ్చుంటుంది. అల్లా దయ," అంది రహమత్ అక్క. ఆమె గొంతు మాత్రం పిల్ల గొంతు కాదు. ఆ గొంతు ఎవరిదైనా, దాన్ని పంపినవాడికి ప్రతి ఆదివారం కృతజ్ఞత చెప్పుకుంటూనే ఉన్నాను.

ప్రూఫ్ రీడరు రచయిత మాట మార్చకూడదు. సందేహముంటే అంచున ప్రశ్నార్థకం పెట్టి అడగవచ్చు. పిల్లలు అవతల తేలే వాక్యం పక్కన ఆ సాయంత్రం ప్రశ్నార్థకం పెట్టి, "అవతల కడ్డీలుంటాయి" అని రాశాను. రచయిత ఆ అధ్యాయం తిరగరాసి పంపారు. అచ్చయిన పుస్తకంలో పిల్లలు సగం దారిలోనే వెనక్కి తిరుగుతారు.

రిటైరయ్యేదాకా పిల్లల పుస్తకం ఏది చేతికొచ్చినా, కిటికీ కింద ఒకరు వింటున్నారనుకునే చదివాను. అచ్చుతప్పు చదివేవాళ్ళను విసిగిస్తుంది, అంతే. లేని దారిని ఉందని రాస్తే, ఎవరో ఒకరు అందులో దూరతారు.