నాన్న పెనంలో తెల్లబెల్లం

నిన్న ఈ పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌కి కింది ఫ్లోర్ ఆంటీ వచ్చారు. పరమాన్నం కోసం నేను కరిగిస్తున్న బెల్లం చూసి పెదవి విరిచారు.

"ఇంత నల్లగా ఉందేంటమ్మా? తెల్లది దొరకలేదా?"

ఒళ్ళు మండింది. అప్పటిదాకా ఆ వాసనలో నేను చిన్నప్పటి మా ఊరి పెరట్లోనే ఉన్నాను మరి.

చెరకు ఊళ్ళవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా నాన్న పాత ఇనప డ్రమ్ము కోసి, రేకు సాపుచేసి, అంచులు మడిచి స్వయంగా బెల్లం వండే పెనం చేశాడు. ఇటుకలతో పొయ్యి కట్టి, తుప్పు పట్టిన గొట్టాన్ని పొగగొట్టంగా నిలబెట్టాడు. మంటకి చెరకు పిప్పే. రసం మరిగి తీగ సాగుతుంటే చెరకు ముక్క ముంచుకుని, ఊదుకుంటూ నాకేవాళ్ళం కదా. ఆ బెల్లం నల్లగానే ఉండేది.

ఒకసారి మార్కెట్లో దళారి దాన్ని గోటితో గీకి, అందరి ముందూ అన్నాడు: "రంగు లేదు. సారా కాసేవాళ్ళకి అమ్ముకో."

వాడి గోరు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మరుసటి వంటకి నాన్న ఏదో రంగు తేల్చే మందు తెచ్చి పెనంలో చల్లాడు. నల్లటి పాకం తెల్లబడింది. నేను ఎప్పట్లాగే చెరకు ముక్క ముంచబోతే చెయ్యి మీద గట్టిగా కొట్టాడు.

"అది అమ్మడానికే. మనింట్లో ఎవరూ ముట్టుకోకూడదు."

ఆంటీ ఇంకా గిన్నెలోకే అనుమానంగా చూస్తున్నారు.

"మా నాన్న నన్ను జన్మలో ఒక్కసారే కొట్టాడు ఆంటీ," అన్నాను. "ఆ తెల్లది తినబోయినందుకు."